ఆ 14 వేల లాప్‌టాప్ వద్దు తమ్ముడూ, అలాగని దసరా దాకా ఆగనూ వద్దు

తమ్ముడూ, ముందు నువ్వు అడిగింది నా మాటల్లో చెబుతాను, ఎక్కడైనా తప్పుగా అర్థం చేసుకుని ఉంటే సరిచెయ్యి. మీది రాయగడ జిల్లా మునిగుడ. నువ్వు తెరువలిలో ఫ్యాక్టరీకి కాంట్రాక్టు పనికి వెళ్తున్నావు. చెల్లి గుణుపూర్‌లో హాస్టల్లో ఉండి బీటెక్ కంప్యూటర్ సైన్స్ మొదటి సంవత్సరం చదువుతోంది. మొదటి సెమిస్టర్ ఫోనుతోనూ కాలేజీ ల్యాబుతోనూ నెట్టుకొచ్చింది, ఇక కుదరడం లేదు. పార్వతీపురంలో ఒక షాపతను ఇంటెల్ ఐ5 ప్రాసెసర్ ఏడో జనరేషన్, అంటే ఏడో తరంది, 8 జీబీ ర్యామ్, ఫైళ్లు దాచే 256 జీబీ ఎస్ఎస్‌డీ ఉన్న పాత లాప్‌టాప్ 14 వేలకి ఇస్తానన్నాడు. ఆన్‌లైన్‌లో సెలెరాన్ అనే ఇంటెల్ చవక ప్రాసెసర్ ఉన్న కొత్త లాప్‌టాప్ ఒకటి 22 వేలకి కనబడింది. మీ ఫ్రెండేమో దసరా సేల్ దాకా ఆగమంటున్నాడు. చేతిలో 20 వేలున్నాయి, గట్టిగా అనుకుంటే ఇంకో నాలుగైదు వేలు సర్దగలవు.

నేను రాయగడలో 17 ఏళ్లుగా రిపేరు షాపు నడుపుతున్నాను. కొత్తవి అమ్మను, పాతవి అప్పుడప్పుడూ అమ్ముతాను, ఎక్కువగా చేసేది మదర్‌బోర్డు పని. అందుకే కొన్న ఎనిమిది నెలలకో ఏడాదికో ఒక లాప్‌టాప్ ఎలా తయారవుతుందో రోజూ నా టేబుల్ మీద చూస్తుంటాను. ఆ చూసిందాన్ని బట్టే చెబుతున్నాను. ఆ 14 వేలది వద్దు. సెలెరాన్ అసలే వద్దు. దసరా దాకా ఆగడమూ వద్దు. ఎనిమిదో జనరేషన్ గానీ ఆపైది గానీ, పెద్ద ఆఫీసుల నుంచి వాడి తీసేసిన లాప్‌టాప్ ఒకటి దగ్గరుండి చూసుకుని ఈ నెలా నెలన్నరలో కొను. ఎందుకో, ఎలా చూడాలో మిగతాదంతా చెబుతాను, కాస్త ఓపిగ్గా చదువు.

ఐ5 అని వినగానే మనవాళ్లు ఇంకేం అడగరు. అసలు సంగతి దాని పక్కనుండే అంకెల్లో ఉంటుంది. 7200 అని ఉంటే మొదటి అంకె ఏడు, ఏడో జనరేషన్. 8250, 8350 అని ఉంటే ఎనిమిదోది. 10210, 1135, 1235 లాంటివైతే మొదటి రెండంకెలు చూడాలి, అవి పది, పదకొండు, పన్నెండు. నీకు చూపించింది బహుశా 7200యూ అయి ఉంటుంది, అందులో కోర్లు, అంటే ప్రాసెసర్‌లో పని పంచుకునే భాగాలు, రెండే. 2017లో ఎనిమిదో జనరేషన్ వచ్చినప్పుడు ఇంటెల్ ఈ సన్న లాప్‌టాప్‌లకి వేసే ఐ5లో కోర్లు రెండు నుంచి నాలుగు చేసింది. ఏడోదీ ఎనిమిదోదీ పక్కపక్కన పెట్టి బ్రౌజర్‌లో పది ట్యాబ్‌లు, ఒక వీడియో క్లాసు, ఒక కోడ్ ఎడిటర్ తెరిచి చూడు, తేడా ఎవరూ చెప్పనక్కర్లేదు, ఫ్యాను చప్పుడే చెబుతుంది.

రెండోది విండోస్. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో సపోర్టు ఆపేసింది. ఇళ్లలో వాడేవాళ్లకి సెక్యూరిటీ అప్‌డేట్‌లు ఇంకో ఏడాది ఇచ్చే ఏర్పాటు ఒకటి పెట్టింది గానీ అదీ 2026 అక్టోబర్ 13 వరకే. విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ నుంచీ, దానికి పోటీ కంపెనీ ఏఎండీ లాప్‌టాప్ ప్రాసెసర్లలో దాదాపు రైజెన్ 3000 సిరీస్ నుంచీ కావాలి, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్పు కూడా ఉండాలి. షాపతను "ఇందులో 11 వేసే ఉంది కదా బాబూ" అంటాడు. ఉంటుంది, ఎందుకుండదు. ఆ చెకింగ్‌ని దాటించే పెన్‌డ్రైవ్ తయారుచెయ్యడం పెద్ద పనేం కాదు, అడిగితే నేనూ వేసిస్తాను, కాకపోతే చెప్పి వేస్తాను. అలా వేసినదానికి ఏడాదికోసారి వచ్చే పెద్ద వెర్షన్ దానంతటది రాదు, ప్రతిసారీ ఎవరో కూర్చుని ఎక్కించాలి, ఇలాంటి మెషీన్లకి అప్‌డేట్‌లు ఇస్తామన్న హామీ లేదని మైక్రోసాఫ్టే చెబుతోంది. నాలుగేళ్ల కోర్సుకి కొంటున్న వస్తువు మొదటి రోజు నుంచే పక్కదారిన నడవడం నాకు ఇష్టం లేదు.

ఏడో జనరేషన్ పనికిరాదని అనను. ఎనిమిది వేలకి ఇస్తే, విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ ఎక్కించుకుని వాడతానంటే, హైస్కూల్ పిల్లలకి తప్పకుండా తీసుకోమంటాను. 14 వేలు మాత్రం దాని ధర కాదు.

ఇక ఆగడం సంగతి. మీ ఫ్రెండు తప్పేం చెప్పలేదు, మామూలుగా అయితే నేనూ అదే చెప్పేవాణ్ని. దసరాకో దీపావళికో పాత స్టాకు తగ్గించి ఇచ్చేవాళ్లు, మూడు నాలుగు వేలు కలిసొచ్చేది. 2025 చివరి నుంచి ఆ లెక్క చెడింది. కారణం ర్యామ్. ప్రపంచంలో ర్యామ్ చిప్పులు ఎక్కువ భాగం చేసేవి మూడే కంపెనీలు, శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. ఏఐ కోసం కట్టే డేటా సెంటర్లకి వేరే రకం మెమరీ కావాలి, దానిలో లాభం ఎక్కువ, అందుకని ఫ్యాక్టరీల సామర్థ్యం అటు మళ్లింది, మన లాప్‌టాప్‌లకి వేసే మామూలు ర్యామ్‌కి కొరత వచ్చింది. 2025 డిసెంబర్‌లో మైక్రాన్ అయితే క్రూషియల్ పేరుతో మనలాంటి వాళ్లకి అమ్మే వ్యాపారమే మానేస్తున్నట్టు ప్రకటించింది. మా షాపులో ఎక్కువగా వేసింది ఆ స్టిక్‌లే.

దీని దెబ్బ నేను కళ్లారా చూశాను. పోయిన దసరాకి ముందు మా వీధిలో ట్యూషన్లు చెప్పే ఒక మాస్టారు లాప్‌టాప్ తెచ్చారు, 4 జీబీ ర్యామ్‌తో ఆన్‌లైన్ క్లాసు మధ్యలో బిగుసుకుపోతోంది. 8 జీబీ స్టిక్ వేద్దామన్నాను. పండగ ఖర్చులున్నాయి, సంక్రాంతికి చూద్దాం అన్నారు, నేనూ తొందరేం లేదులెండి అన్నాను. సంక్రాంతి వచ్చేసరికి అదే స్టిక్ నేను కొనే ధరే రెట్టింపు దాటింది. ఆయన ఒక్క మాట అనలేదు, డబ్బులు లెక్కపెట్టుకుని మళ్లీ జేబులో పెట్టుకున్నారు. నా మనసు ఒప్పక, పాత మెషీన్ నుంచి తీసిన స్టిక్ ఒకటి ఉంటే అది పాత ధరకే వేసిచ్చాను. ఆ రోజు నుంచి ఎవరికీ ర్యామ్ విషయంలో "తర్వాత చూద్దాం" అని చెప్పడం మానేశాను.

కొత్త లాప్‌టాప్ తయారుచేసేవాళ్లు కూడా అదే ర్యామ్ కొనాలి కదా. అప్పుడు వాళ్లకి ఉన్న దారులు రెండు, ధర పెంచడం, లేదా అదే ధరకి ర్యామ్ తగ్గించి ఇవ్వడం. సేల్‌లో బోర్డు మీద పెద్ద డిస్కౌంట్ కనబడొచ్చు, ఏ ధర మీద అన్నది చూసుకోవాలి. జీఎస్టీ తగ్గింది కదా అని కూడా ఒకరు అడిగారు నన్ను. 2025 సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీలూ ఏసీలూ 28 నుంచి 18 శాతానికి వచ్చాయి, లాప్‌టాప్‌లు ముందు నుంచీ 18లోనే ఉన్నాయి, అక్కడే ఉన్నాయి.

ఇంకో లెక్క ఉంది తమ్ముడూ, నాకు అన్నిటికంటే అదే ముఖ్యం. దసరా అంటే అక్టోబర్. అప్పటికి చెల్లి రెండో సంవత్సరంలో ఉంటుంది, డేటా స్ట్రక్చర్స్ లాంటి సబ్జెక్టులు నెత్తి మీదికి వచ్చి ఉంటాయి. ఫోనులో సి ప్రోగ్రామ్ కొట్టడం ఎప్పుడైనా చూశావా? సెమీకోలన్ కావాలంటే కీబోర్డు ఒక పేజీ మార్చాలి, మీసాల బ్రాకెట్ కావాలంటే ఇంకో పేజీకి వెళ్లాలి, మళ్లీ అక్షరాలకి వెనక్కి రావాలి. పదిహేను లైన్ల ప్రోగ్రామ్ కొట్టేసరికి అరగంట, అందులో ఒక తప్పు దొరక్కపోతే ఇంకో అరగంట. ఇలాగే కుస్తీ పట్టే ఒక అమ్మాయి మా షాపు బెంచీ మీద కూర్చుని, అన్నయ్య లాప్‌టాప్ రిపేరయ్యేదాకా ఫోనులో అసైన్‌మెంట్ చేసుకుంటుంటే చూశాను. తెలివి లేక కాదు, వేళ్లకి అలసట వచ్చి ఆపేసింది. పక్కనే ఉన్న నా డెస్క్‌టాప్ ఇచ్చాను, ఏడు నిమిషాల్లో పూర్తిచేసింది. ల్యాబులో వారానికి ఉండే రెండు మూడు పీరియడ్లలో చేతికి అలవాటు రాదు. ఏడెనిమిది నెలల చేతి అలవాటు పోగొట్టుకుని మూడు వేలు మిగల్చడం నాకు సరైన బేరంగా కనిపించడం లేదు, పైగా ఈసారి ఆ మూడు వేలూ మిగులుతాయన్న ఆశ మీద నేనైతే పందెం కట్టను.

మరి కొత్త సెలెరాన్ ఎందుకు వద్దంటున్నానంటే, డబ్బా కొత్తది గానీ లోపలి సరుకు బలహీనం. ఎన్4020 అయితే కోర్లు రెండే. చాలావాటిలో ఎస్ఎస్‌డీ బదులు 64 జీబీ ఈఎంఎంసీ బోర్డుకే అంటించి ఉంటుంది, మన ఫోన్లలో మెమరీ లాంటిదే. విండోస్ 11కి కనీసం కావాల్సిందే 64 జీబీ, విండోసూ దాని అప్‌డేట్‌లూ కూర్చున్నాక చెల్లి ఫైళ్లకి చోటెక్కడ? ఏడాది తిరిగేసరికి "అప్‌డేట్ అవ్వట్లేదన్నా" అంటూ నా దగ్గరికి వచ్చేవాటిలో ఇవే ఎక్కువ, నేను చెయ్యగలిగింది కూడా ఏమీ ఉండదు, మార్చడానికి లోపల ఏదీ ఊడిరాదు.

కొత్తవాటిలో ఇంకో మోసపోయే చోటు ఉంది, పేరులో. రైజెన్ 3 7320యూ అని చూడగానే 7 వేల సిరీస్, సరికొత్తది అనుకుంటారు. 2022లో వచ్చింది నిజమే, కానీ లోపలున్నది జెన్ 2, అంటే 2019 నాటి డిజైను. దీనికి ర్యామ్ ఎప్పుడూ బోర్డుకి అంటించే వస్తుంది, 8 జీబీ కొంటే జీవితాంతం 8 జీబీయే. రైజెన్ 5 7520యూ కూడా దాని అన్నే, అదే నాలుగు కోర్లు. చదువుకోడానికి పనికొస్తుంది, పాడు మెషీన్ అనను, నాలుగేళ్లు వాడినా ర్యామ్ పెంచుకోడానికి వీల్లేనిది అంటాను. కొత్తదే కావాలని ఇంట్లో పట్టుబడితే, ఇంకో పన్నెండు పదిహేను వేలు ఎక్కడి నుంచైనా వస్తే, ఐ3 1215యూ లేదా 1315యూ చూడు, ఆరు కోర్లున్నాయి, ర్యామ్‌కి ఒక స్లాటు ఖాళీగా ఉన్న మోడలే తీసుకో. ఆ డబ్బు అప్పు తెచ్చి మాత్రం కొనకు, మొదటి రెండేళ్లు చెల్లి చెయ్యబోయే పనికి అంత అక్కర్లేదు.

నిజంగా ఆ పని ఏంటో చూద్దాం. సి, పైథాన్, జావా, ఒక కోడ్ ఎడిటర్, బ్రౌజర్, పీపీటీ, వీడియో క్లాసులు. దీనికి నాలుగు కోర్లూ 8 జీబీ ర్యామ్ సరిపోతాయి, 16 ఉంటే హాయి. మూడో సంవత్సరంలో ఫోను యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో జోలికి వెళ్తే 16 జీబీ తప్పదు. మెషీన్ లెర్నింగ్ అంటే గూగుల్ కోలాబ్ ఉంది, అది బ్రౌజర్‌లోనే నడుస్తుంది, బరువంతా వాళ్ల సర్వర్ మోస్తుంది. అందుకే ఇప్పుడు 8 జీబీతో కొన్నా ఫర్వాలేదు, రెండో స్లాటు మాత్రం ఉండాలి.

నేను చెప్పే ఆఫీసు లాప్‌టాప్‌లు ఏవంటే, లెనోవో థింక్‌ప్యాడ్ టీ480, డెల్ లాటిట్యూడ్ 7490, హెచ్‌పీ ఎలైట్‌బుక్ 840 జీ5. మూడూ 2018 నాటివి. కంపెనీలు ఒకేసారి వందల్లో కొనో లీజుకి తీసుకునో మూడు నాలుగేళ్లు వాడి తీసేస్తాయి, ఆ లాట్‌లు హైదరాబాద్, బెంగళూరు మీదుగా విశాఖ, బరంపురం, అక్కడి నుంచి మన వైపు వస్తాయి. వీటికి బాడీ గట్టిది, మూత తెరవగానే మడతబందు దగ్గర ప్లాస్టిక్ విరిగే రోగం తక్కువ. మూడింటిలోనూ ర్యామ్‌కి రెండేసి స్లాట్లు, మూడూ టైప్-సీ ఛార్జర్‌తో ఛార్జ్ అవుతాయి, కీబోర్డు నుంచి ఫ్యాను దాకా పార్టులు దొరుకుతాయి. ఎనిమిదేళ్లు వయసున్న మెషీన్ అని భయపడకు, నా టేబుల్ మీదికి వచ్చేవాటిలో మూడేళ్ల చవక లాప్‌టాప్ కంటే ఇవి తిన్నగా ఉంటాయి. ఒక్క జాగ్రత్త, ఇదే మోడళ్లలో ఏడో జనరేషన్ ప్రాసెసర్‌తో వచ్చినవీ ఉన్నాయి, పైన స్టిక్కరూ మోడల్ పేరూ చూసి సరిపెట్టుకోకు, సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్‌లోకి వెళ్లి ప్రాసెసర్ నంబరు నీ కళ్లతో చదువు. 8 జీబీ, 256 జీబీతో మంచి కండిషన్‌లో ఉన్నది మా వైపు ఇప్పుడు 18 నుంచి 21 వేల దాకా చెబుతున్నారు, బేరం ఆడాలి.

ఇప్పుడు చూసుకునే పద్ధతి. దీన్ని నిదానంగా చదువు, పాత లాప్‌టాప్‌లో డబ్బు పోయేది ఇక్కడే.

అన్నిటికంటే ముందు తాళం. రెండేళ్ల కిందట గుణుపూర్ వైపు నుంచి ఒకాయన కొడుక్కి కొన్న లాప్‌టాప్ పట్టుకొచ్చాడు. ఎక్కడో పెద్ద ఊళ్లో కొన్నాడు, అద్దంలా ఉంది, గీత కూడా లేదు. రెండు నెలలు బాగానే నడిచింది. కుర్రాడు స్లో అయిందని రీసెట్ కొట్టాడు, వైఫై కలపగానే ఏదో విదేశీ కంపెనీ పేరుతో స్వాగతం, ఆఫీసు ఈమెయిలూ పాస్‌వర్డూ ఇమ్మని స్క్రీన్ వచ్చింది. వెనక్కి వెళ్లదు, దాటదు. విండోస్ మళ్లీ వేశాను, ఎస్ఎస్‌డీయే మార్చి వేశాను, నెట్ కలపగానే మళ్లీ అదే స్క్రీన్. ఎందుకంటే ఆ మెషీన్ గుర్తింపు ఆ కంపెనీ పేరు మీద మైక్రోసాఫ్ట్ దగ్గర రిజిస్టర్ అయి ఉంది, డిస్కు మారిస్తే పోయేది కాదు, ఆ కంపెనీ వాళ్లే తీసెయ్యాలి. అమ్మినవాడు ఫోను ఎత్తలేదు. కుర్రాడు అలా నిలబడి స్క్రీన్ వైపే చూస్తున్నాడు, వాళ్ల నాన్న నన్ను "ఏదో ఒకటి చెయ్యండి బాబూ" అని అడుగుతున్నాడు. చివరికి లినక్స్ వేసి ఇచ్చాను, కోర్సు నడిచింది గానీ ఆయన పెట్టిన డబ్బుకి దక్కాల్సింది అది కాదు.

అందుకని నువ్వు వెళ్లినప్పుడు మొదట అడగాల్సింది ఒకటే, "నా ముందు రీసెట్ చేసి, నెట్ కలిపి, అకౌంట్ అడిగేదాకా చూపించండి" అను. మామూలుగా మైక్రోసాఫ్ట్ అకౌంట్ అడిగితే మంచిది, ఏదైనా కంపెనీ పేరు వస్తే లేచి వచ్చెయ్. వాళ్ల వైఫై లేకపోతే నీ ఫోను హాట్‌స్పాట్ ఇవ్వు. గంట పడుతుంది, టీ తాగి రా, కానీ ఇది చెయ్యకుండా డబ్బు ఇవ్వకు. అలాగే బయాస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగ్స్‌లోకి వెళ్లి చూడు, ఆన్ చేస్తూనే డెల్‌కి ఎఫ్2, హెచ్‌పీకి ఎఫ్10, థింక్‌ప్యాడ్‌కి ఎఫ్1. అక్కడ పాస్‌వర్డ్ అడిగితే వద్దు. థింక్‌ప్యాడ్‌లో ఆ సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ బోర్డు మీది చిన్న బ్యాటరీ తీసినా పోదు.

తర్వాత బ్యాటరీ. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి powercfg అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ (/) పెట్టి batteryreport అని కలిపి కొడితే ఒక ఫైలు తయారవుతుంది, దాన్ని బ్రౌజర్‌లో తెరువు. అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలుంటాయి. మొదటిది 60 వేలుండి రెండోది 45 వేలుంటే ముప్పావు బ్యాటరీ మిగిలినట్టు, ఆ వయసుకి మంచిదే. సగానికి తక్కువైతే కొత్త బ్యాటరీ ఖర్చు ధరలోంచి తగ్గించమను. టీ480లో బ్యాటరీలు రెండుంటాయి, ఒకటి లోపల, ఒకటి కింద ఊడేది, రిపోర్టులో రెండూ కనబడాలి. టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బి ఉన్నా, మూత సరిగ్గా మూసుకోకపోయినా లోపల బ్యాటరీ ఉబ్బిందని అర్థం, దాన్ని ముట్టుకోకు.

ఎస్ఎస్‌డీకి క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లు, ఆరోగ్యం ఎంత శాతం మిగిలిందో ఒక్క చూపులో చెబుతుంది. ర్యామ్‌కి టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, మెమరీ చూస్తే రెండు స్లాట్లలో ఎన్ని వాడారో రాసి ఉంటుంది. ఇప్పుడు ర్యామ్ ధర పెరిగాక 16 జీబీలోంచి ఒక స్టిక్ తీసేసి అమ్మేవాళ్లున్నారు, ప్రకటనలో 16 అని ఉంటే అక్కడ 16 కనబడాలి. స్క్రీన్ మీద పూర్తి తెల్లబొమ్మ ఒకటి, పూర్తి నల్లబొమ్మ ఒకటి పెట్టి మరకలు చూడు, రెజల్యూషన్ 1920 బై 1080 ఉండాలి, కొన్నిటికి పాత 1366 స్క్రీనే ఉంటుంది, రోజంతా కోడ్ చదివే కళ్లకి అది చాలదు. అరగంట వీడియో నడుపుతూ ఛార్జర్ పీకి చూడు, ఠక్కున ఆగిపోకూడదు. కెమెరా, స్పీకరు, వైఫై, ప్రతి యూఎస్‌బీ పోర్టు, కీబోర్డు మీద ప్రతి బటనూ. కింద స్క్రూలు కొన్ని లేకపోతే, కొన్ని తలలు అరిగిపోయి ఉంటే ఎవరో చాలాసార్లు విప్పారని.

ఛార్జర్ గురించి ఒక మాట, దీన్ని ఎవరూ పట్టించుకోరు. డెల్ గుండ్రటి పిన్ను ఛార్జర్ తనెవరో లాప్‌టాప్‌కి చెప్పుకుంటుంది. నాసిరకం నకిలీది పెడితే గుర్తుపట్టదు, బ్యాటరీ ఎక్కదు, పైగా ప్రాసెసర్ స్పీడు బాగా తగ్గించేసుకుంటుంది. ఇంత పాత మెషీన్ కొన్నాం కాబట్టే స్లోగా ఉందని జనం అనుకుంటారు, ఛార్జర్ మార్చగానే గుర్రంలా పరిగెత్తినవి నా దగ్గర చాలా ఉన్నాయి. ఆన్ చేసేటప్పుడు అడాప్టర్ గురించి ఏదైనా హెచ్చరిక వస్తే ఎంటర్ కొట్టి దాటెయ్యకుండా చదువు.

బిల్లు తీసుకో, సీరియల్ నంబరు అందులో రాయించు, కనీసం మూడు నెలల వారంటీ రాతపూర్వకంగా ఉండాలి. పార్వతీపురం ఒకే రైలు లైను మీద ఉంది కాబట్టి ఏదైనా అయితే వెనక్కి పట్టుకెళ్లగలవు, అదే ఆ షాపుకున్న పెద్ద బలం. అతని దగ్గర ఎనిమిదో జనరేషన్ ఉందేమో అడుగు, ఉంటే ఇవన్నీ చూసి అక్కడే కొను. దూరం ఊరి నుంచి కొరియర్‌లో రప్పించే చవక బేరాలకి పోకు, తాళం పడ్డ మెషీన్లు ఎక్కువగా ఆ దారినే వస్తున్నాయి.

డబ్బు మొత్తం లాప్‌టాప్ మీదే పెట్టెయ్యకు. 20 వేల లోపు దొరికితే ఒక మూడు వేలు పక్కన ఉంచు, ఏడాదికో రెండేళ్లకో బ్యాటరీకి అవసరమవుతుంది. ఒక మంచి స్పైక్ గార్డ్ కొను. మన వైపు ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఈదురుగాలి లేచి పిడుగులు పడితే ఏమవుతుందో నీకు తెలుసు, మర్నాడు పొద్దున నా షాపు ముందు క్యూ ఉంటుంది. ఛార్జర్ కాలడం చిన్న నష్టం, బోర్డు దాకా వెళ్తే మెషీన్ పోయినట్టే. స్పైక్ గార్డ్ ఉన్నా సరే, ఉరిమిందంటే ప్లగ్గు పీకేసి బ్యాటరీ మీద పని చేసుకోమని చెల్లికి గట్టిగా చెప్పు. హాస్టల్లో మంచం మీద దుప్పటి మీద పెట్టుకుని వాడొద్దని కూడా చెప్పు, గాలి పోయే దారి మూసుకుపోతుంది. ఒక అట్టో పాత పరీక్ష ప్యాడో కింద పెట్టుకుంటే చాలు.

ఒకవేళ ఈ నెలా నెలన్నరలో మంచిది దొరక్కపోతే, దొరికిందేదో కొనెయ్యమని నేను చెప్పను. మన రాయగడ అమ్మవారు మజ్జి గౌరమ్మ చైత్ర జాతర దాకా గడువు పెట్టుకో, అప్పటిదాకా వెతుకు, నేనూ మా వాళ్లకి చెప్పి ఉంచుతాను, వచ్చే లాట్‌లో ఎనిమిదో జనరేషన్‌వి ఉంటే ఒకటి పక్కన పెట్టిస్తాను. ఈలోపు చెల్లికి ఫోనుకి తగిలించుకునే ఓటీజీ కేబులూ ఒక మామూలు యూఎస్‌బీ కీబోర్డూ కొనిచ్చెయ్, రెండూ కలిపి ఐదారు వందల్లో వస్తాయి. సెమీకోలన్ కోసం పేజీలు తిప్పే బాధ ఆ రోజుతో పోతుంది, లాప్‌టాప్ వచ్చాక కూడా ఆ కీబోర్డు పనికొస్తుంది.

పార్వతీపురంలో ఏదైనా నచ్చితే ప్రాసెసర్ నంబరూ, బ్యాటరీ రిపోర్టూ, రీసెట్ చేశాక వచ్చిన స్క్రీనూ ఫోటోలు తీసి ఇక్కడే పెట్టు, డబ్బు ఇవ్వకముందే పెట్టు, చూసి చెబుతాను. వీలైతే ఆదివారం వెళ్లు, చెల్లిని కూడా తీసుకెళ్లు. ఆ కీబోర్డు మీద నాలుగేళ్లు కొట్టబోయేది తనే, బటన్లు తన వేళ్లతోనే నొక్కి చూసుకోనీ.